'సి షార్ప్ మైనర్' అంటే ఒకటిన్నర శ్రుతి అనొచ్చా?

ప్రశ్న: పాశ్చాత్య స్వరకర్త యోజెఫ్ మార్టిన్ క్రౌస్ (1756–1792) సింఫనీల (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనల) రికార్డింగుల మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం తయారవుతోంది. సీడీ అట్ట మీది లైను ఇది: 'సింఫనీ ఇన్ సి షార్ప్ మైనర్, వి.బి. 140'. కర్ణాటక సంగీతం తెలిసిన పాఠకులకు సి షార్ప్ అంటే ఒకటిన్నర శ్రుతి కదా. 'ఒకటిన్నర శ్రుతిలో, కీరవాణిలో సింఫనీ' అని రాస్తే తప్పవుతుందా? 'మూవ్‌మెంట్'ని కొందరు 'చలనం' అంటున్నారు. అది నిలుస్తుందా?

జవాబు: 'ఒకటిన్నర' దాకా ఇబ్బంది లేదండీ. హార్మోనియం మీద సి తెల్లమెట్టు ఒకటి, పక్కనున్న నల్లమెట్టు ఒకటిన్నర, డి రెండు, ఇ మూడు. చిక్కంతా 'శ్రుతి' అన్నచోటే వస్తుంది. మన కచేరీలో తంబురా ఎక్కడ మొదలైతే మంగళం దాకా అక్కడే మోగుతుంది. ఆ కాలపు సింఫనీలో మొదటి భాగం మైనర్‌లో మొదలైతే, మామూలుగా కాసేపటికే దాని జంట మేజర్‌కి వెళ్లిపోతుంది. సి షార్ప్ మైనర్‌కి జంట ఇ మేజర్. అంటే షడ్జమే ఒకటిన్నర నుంచి మూడుకి జరిగిందన్నమాట. స్వరస్థానాలు చాలావరకు అవే ఉంటాయి. గ్రహభేదం తెలిసినవారికి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: నఠభైరవి గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వస్తుంది, ఇక్కడ జరిగేది అదే.

ఇందువల్లే 'కీరవాణి' కూడా కుదరదు. హార్మోనిక్ మైనర్ మెట్లు కీరవాణి మెట్లే, నిజమే. కానీ ఒకే పుటలో పైకి వెళ్లేటప్పుడు కాకలి నిషాదం, కిందికి దిగేటప్పుడు కైశికి నిషాదం, అవసరమైతే ధైవతం కూడా మారడం మైనర్‌లో రోజువారీ వ్యవహారం. రాగం పేరు పెడితే పాఠకుడు గమకాలు, సంచారాలు ఎదురుచూస్తాడు. 'సి షార్ప్ మైనర్' అని తెలుగు లిపిలో ఉంచేసి, మొదటిసారి వచ్చినప్పుడు 'ఒకటిన్నర మీద మొదలయ్యే మైనర్' అని విప్పి చెప్పండి, చాలు.

మూవ్‌మెంట్‌కి 'భాగం' హాయిగా సరిపోతుంది. 'చలనం' అంటే భౌతికశాస్త్రం గుర్తొస్తుంది.

జవాబు: పై మాటకు ఒక చేర్పు. అట్ట మీది మిగతా లైను కూడా విప్పాలి. వి.బి. అంటే బర్టిల్ వాన్ బోయర్ కూర్చిన రచనల పట్టిక. క్రౌస్ విషయంలో ఈ సంఖ్య లేకుండా రాస్తే తప్పకుండా గందరగోళమే. వి.బి. 140 సి షార్ప్ మైనర్, వి.బి. 142 సి మైనర్, వి.బి. 148 కూడా సి మైనరే. 140ని తిరగరాసినదే 142. పాత రూపంలో మినుయెట్‌తో (ఒక నాట్యపు నడకలో సాగే భాగంతో) కలిపి నాలుగు భాగాలున్నాయి. 1783లో వియన్నాలో మార్చి రాసినప్పుడు మినుయెట్ తీసేసి మూడే ఉంచాడు. 'సింఫనీ ఇన్ సి మైనర్' అని మాత్రమే వెతికితే ఏది దొరుకుతుందో చెప్పలేం.

పేరుతో వెతకడంలోనూ జాగ్రత్త. కండక్టర్ క్లెమెన్స్ క్రౌస్, పియానిస్టు లిలీ క్రౌస్, గాయకుడు ఆల్ఫ్రెడో క్రౌస్ ముందు వరసలో వచ్చేస్తారు. మొదటి పేరు కూడా కొట్టండి. డి మేజర్ సింఫనీ వి.బి. 143 అయితే అప్పట్లో కాంబీని అనే మరో స్వరకర్త పేరుతో అచ్చయింది. 'స్వీడిష్ మొజార్ట్' అన్న బిరుదు చూసి స్వీడన్‌వాడని రాయకండి. పుట్టింది జర్మనీలో, మైన్ నది ఒడ్డున మిల్టెన్‌బర్గ్‌లో. స్టాక్‌హోమ్ వెళ్లింది 1778లో.

రెండు రూపాలూ పక్కపక్కన వినాలంటే నాక్సోస్ లేబుల్ వారి నాలుగు సంపుటాలు తీసుకోండి: పెటర్ సుండ్‌క్విస్ట్ నడిపిన స్వీడిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా. పాతకాలపు వాద్యాల మీద 142 కావాలంటే కాప్రిచియో లేబుల్ మీద కాన్‌చెర్టో కోల్న్ బృందం వాయించింది ఉంది. పదును అందులోనే ఎక్కువని నా అభిప్రాయం. 142 మొదటి భాగం 'లార్గెటో – అలెగ్రో'. నెమ్మదైన ఎత్తుగడ, వేగమైన భాగం రెండూ ఒకే ట్రాక్‌లో ఉంటాయి. వేగం మారగానే రెండో భాగం వచ్చిందని లెక్క తప్పేవాళ్లున్నారు.

ప్రశ్న: పాతకాలపు వాద్యాల రికార్డింగు పెట్టి ఫోన్‌లో ట్యూనర్ చూస్తే, సి ఉండాల్సిన చోట సికి, కింది బికి మధ్య ఎక్కడో చూపిస్తోందంటున్నారు. అలాంటప్పుడు 'ఒకటి', 'ఒకటిన్నర' అన్న కొలతే చెల్లదు కదా?

జవాబు: ట్యూనర్‌ది తప్పు కాదండీ. ఇప్పటి కొలత 'ఎ' స్వరానికి 440 హెర్ట్జ్. ఈ కాలపు సంగీతానికి పాత వాద్యాల బృందాలు తరచు 430 పెట్టుకుంటాయి. అరశ్రుతిని 100 సెంట్లు అనుకుంటే అది దాదాపు 40 సెంట్లు కిందికి. మీరు చెప్పిన తేడా ఇదే. ట్యూనర్ యాప్ సెట్టింగుల్లో ఆధార స్వరాన్ని 430కి మార్చి చూడండి, సి సరిగ్గా సి మీద నిలబడుతుంది. 415 పెట్టుకునే బృందమైతే ఇంచుమించు పూర్తి అరశ్రుతి దిగుతుంది, అప్పుడు కాగితం మీది సి షార్ప్ మైనర్ మన హార్మోనియం మీద ఒకటికే కలుస్తుంది. వ్యాసంలో 'ఒకటిన్నర' అన్నచోట 'రాతలో' అన్న మాట చేర్చడం మంచిది.

ప్రశ్న: వి.బి. 148 పేరు 'సింఫొనీ ఫ్యూనెబ్ర్'. 'శోక సింఫనీ' అనొచ్చా? మొదట్లో మోగే 'మఫుల్డ్ టింపని'కి మాట ఉందా?

జవాబు: 'శోక' కన్నా 'అంత్యక్రియల సింఫనీ' నేరుగా ఉంటుంది. స్వీడన్ రాజు మూడో గుస్తావ్‌ని 1792 మార్చి 16న ముసుగుల నాట్యంలో కాల్చారు, 29న పోయాడు. ఆయన అంతిమ సంస్కారం కోసం రాసింది ఇది. ఆ డిసెంబరులోనే క్రౌస్ కూడా పోయాడు. టింపనికి 'నగారా' మన దగ్గర ఉన్న మాటే, ఆకారమూ ఆ కుటుంబానిదే. 'బట్ట కప్పిన నగారా' అంటే పాఠకుడికి కళ్లకు కడుతుంది. చర్మం మీద బట్ట పరిస్తే దెబ్బ వినిపిస్తుంది, మోత మాత్రం వెంటనే ఆరిపోతుంది. ఫోన్ స్పీకర్లో ఈ దెబ్బలు దాదాపు వినపడవు. అది చూసి సౌండ్ పెంచేస్తే ఆర్కెస్ట్రా అందుకోగానే చెవులు అదురుతాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సౌండ్ మొదటే కుదుర్చుకుని వినమని వ్యాసంలో రాయండి.