చెస్‌లో డ్రా చేస్తే నాకు 6 రేటింగ్ పాయింట్లు పోయాయి, అవతలి పిల్లాడికి 12 వచ్చాయి. ఇదేం లెక్క?

నల్లబంటు:
నా ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1720. మొన్నటి టోర్నీలో 1480 ఉన్న పిల్లాడితో డ్రా అయింది. నాకు మైనస్ 6, వాడికి ప్లస్ 12! ఓడిపోలేదు కదా, ఎందుకు తగ్గాలి? ఇంకోటి, ఆన్‌లైన్‌లో నాది 2000 దాటింది. దేన్ని నమ్మాలి?

ఆఖరిఎత్తు:
6 పోతేనే ఇంత బాధా? నాకు ఒక్క టోర్నీలో 60కి పైగా పోయాయి, అన్నీ పిల్లల చేతిలోనే. పేరు పక్కన 1500 అని ఉంటుంది, ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) మాత్రం కంప్యూటర్‌లా ఆడతారు. వాళ్ల ఆట నెలనెలా పెరుగుతుంది, రేటింగ్ వెనకే ఉండిపోతుంది. ఆ తేడా అంతా మన ఖాతాలోంచే పోతోంది.

గుర్రంఎఫ్3:
240 పాయింట్లు ఎక్కువున్నవాడు గేమ్‌కు సగటున 0.80 తేవాలని ఎలో పట్టిక (రేటింగ్ తేడాను బట్టి ఎవరికి ఎంత రావాలో చెప్పేది) అంచనా. గెలుపుకు 1, డ్రాకి సగం కాబట్టి మీరు తెచ్చింది 0.50. లోటు 0.30, మీ కె (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత కదలాలో తేల్చే గుణకం) 20, అంటే 6. పిల్లాడి కె 40, అంటే 12. గెలిచుంటే మీకు 4 వచ్చేవి, ఓడితే 16 పోయేవి.

కోటకట్టు:
నా గొడవ అదే. మీవి పోయింది 6, వాడికి వచ్చింది 12. మిగతా 6 ఎక్కడివి? ఇలా పుట్టించుకుంటూ పోతే రేటింగ్‌లు ఉబ్బిపోవా? 1972లో ప్రపంచ ఛాంపియన్ ఫిషర్ రేటింగ్ 2785 అంటే లోకం నోరెళ్లబెట్టింది, తర్వాత దాన్నీ దాటేశారు.

గడియారం:
నేను ఆర్బిటర్‌ని, అంటే చెస్ టోర్నీల్లో అంపైర్‌ని. ఏళ్లుగా టోర్నీ రిపోర్టులు పంపుతున్నాను, కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన సంగతి. కింది స్థాయిలో జరిగింది ఉబ్బడం కాదు, కుంగడం. పిల్లలు తక్కువ రేటింగ్‌తో వచ్చి, ఉన్నవాళ్ల పాయింట్లు పట్టుకుని పైకి పోతారు. 2300 దాటని 18 ఏళ్ల లోపు వాళ్లకు కె 40 ఇచ్చేది వాళ్ల అంకె త్వరగా వాళ్ల ఆటను అందుకోవాలనే. అదీ చాలకనే 2024 మార్చిలో ఫిడే 2000 లోపు అందరికీ ఒకేసారి పాయింట్లు కలిపింది. 2000కి ఎంత తక్కువైతే అందులో 40 శాతం. 1500 వాడు 1700 అయ్యాడు.

కోటకట్టు:
నాకు అప్పుడు 1980. కలిసింది 8! ఎన్నో ఏళ్లు కష్టపడి ఎక్కాను. 1500 వాడికి మాత్రం కూర్చున్నచోట 200. దీన్ని న్యాయం అంటే నేను ఒప్పుకోను, మీరు ఆర్బిటర్ అయినా సరే.

గడియారం:
రేటింగ్ బహుమతి కాదండీ, అంచనా. దీన్ని తయారుచేసిన అర్పద్ ఎలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయనకు కావలసింది కొలత. మీరు నిజంగా అంత ముందుంటే వాళ్లతో ఆడి గెలవండి, ఆ దూరం మళ్లీ వస్తుంది.

కోటకట్టు:
గెలవడం ఎలాగో మీ దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు.

బోర్డువన్:
ఫిషర్ సంగతి మధ్యలో వదిలేశారు. తర్వాతి ఛాంపియన్లలో 1999లో కాస్పరోవ్ 2851, 2014లో కార్ల్‌సన్ 2882. అంతమాత్రాన ఫిషర్ చిన్నవాడైపోడు. 1972లో రెండో స్థానంలో ఉన్న స్పాస్కీకి 2660, అంటే 125 తేడా! 2882 రోజుల్లో కార్ల్‌సన్‌కీ అంత దూరం లేదు. రేటింగ్‌లో చూడాల్సింది తోటివాళ్లతో తేడా. నా లెక్కలో ఫిషరే గొప్ప.

స్టేల్‌మేట్:
ఆన్‌లైన్ ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. లిచెస్ అనే చెస్ సైట్‌లో నడిచేది గ్లికో-2 అనే వేరే రేటింగ్ పద్ధతి, అందరూ 1500 దగ్గర మొదలుపెడతారు. ఆడే గుంపు వేరు, కాబట్టి అంకె వేరు. కొన్నాళ్లు ఆడకపోతే మీ రేటింగ్ మీద దానికి నమ్మకం తగ్గుతుంది, తిరిగి రాగానే మొదటి గేమ్‌లకే బాగా ఊగుతుంది. ఫిడేతో పోల్చకండి.

నల్లబంటు:
సరే. వచ్చే టోర్నీలో కింది సెక్షన్ నిండా పిల్లలే. పై సెక్షన్‌లో దిగనా?

గుర్రంఎఫ్3:
దిగండి. మీకన్నా 200 ఎక్కువున్నవాడితో డ్రా చేసినా 5 వస్తాయి.