పిత్తాశయంలో పాలిప్: మూలికలతో కరుగుతుందా, ఆపరేషన్ తప్పదా?

గోదారిగట్టు:
మా అమ్మగారి వయసు 54. అజీర్తి తగ్గడం లేదని అల్ట్రాసౌండ్ తీయిస్తే పిత్తాశయంలో 7 మిల్లీమీటర్ల పాలిప్ (లోపలి గోడ మీద చిన్న పెరుగుదల) ఒకటి ఉందని, రాళ్లు లేవని రిపోర్టు వచ్చింది. ఒక సర్జన్ పిత్తాశయాన్ని తీయించడమే మేలన్నారు. మరొకరు ఆరు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దామన్నారు. నేల ఉసిరి, కటుకరోహిణి కలిపిన చూర్ణంతో అది కరిగిపోతుందని మా పెద్దమ్మ గట్టిగా చెబుతున్నారు. మూలికలను నమ్ముకుని ఆపరేషన్ మానుకోవచ్చా?

ఓషధి:
నేను ఆయుర్వేద వైద్యం చేస్తాను. కటుకరోహిణిని యకృత్తుకు (కాలేయానికి), పిత్త దోషాలకు వాడమని మన శాస్త్రం ఎంతోకాలంగా చెబుతోంది; కామెర్లకు నేల ఉసిరి నూరి ఇవ్వడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నా దగ్గర మందు తీసుకున్న కొందరికి తర్వాతి స్కాన్‌లో పాలిప్ కనబడనే లేదు. అంత చిన్న పెరుగుదల కోసం ఒక అవయవాన్నే తీసేయడం తొందరపాటని నా అభిప్రాయం.

వైద్యమిత్ర:
నేను జీర్ణకోశ వ్యాధుల వైద్యుడిని. ఓషధి గారు చూసినదాన్ని నేను కాదనను, కానీ అది మందు వల్లే జరిగిందనడానికి ఆ ఆధారం చాలదు. పిత్తాశయంలో కనిపించే పాలిప్‌లలో ఎక్కువ భాగం నిజమైన కణితులు కావు. పైత్యరసంలోని కొలెస్టరాల్ లోపలి పొరలో పేరుకుని ఏర్పడిన ముద్దలు. వీటిలో కొన్ని ఏ మందూ వాడకపోయినా తర్వాతి స్కాన్‌లో కనబడవు. ఒకే పాలిప్‌ను ఇద్దరు కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. పరగడుపున వెళ్లకపోతే పిత్తాశయం ముడుచుకుపోయి పాలిప్ సరిగా కనబడదు. గోడకు అంటుకున్న చిన్న రాయిని పాలిప్‌గా పొరబడడం కూడా జరుగుతుంది. మామూలుగా రాయి అయితే మనిషి పక్కకు తిరిగినప్పుడు కదులుతుంది, దాని వెనుక నీడ పడుతుంది. పాలిప్‌కు ఈ రెండూ ఉండవు. ఇన్ని కారణాలు ఉన్నప్పుడు, మందు తీసుకోనివారితో పోల్చి చూడకుండా ఫలితాన్ని మూలిక ఖాతాలో వేయడం న్యాయం కాదు. పాలిప్‌ను కరిగిస్తుందని అలాంటి పోలికతో రుజువైన మూలిక ఏదీ లేదు. కొన్ని రకాల కొలెస్టరాల్ రాళ్లను కరిగించే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు కూడా పాలిప్‌కు స్థిరపడిన చికిత్స కాదు.

చూర్ణం కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది, చూర్ణం వాడుతున్నామన్న ధీమాతో స్కాన్ మానేయడం. పిత్తాశయ క్యాన్సర్ తొలి దశలో తరచుగా ఏ బాధా పెట్టదు. కామెర్లు, బరువు తగ్గడం మొదలయ్యే వేళకు చాలామందిలో ఆపరేషన్‌కు సమయం దాటిపోయి ఉంటుంది. ఇక మూలిక కాబట్టి హాని చేయదన్న మాట కూడా నిజం కాదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించింది గాని, అలాంటి మందు వాడేవారికి కాలేయ పరీక్షలు చేయించాలన్న నా సలహా మారదు.

గోదారిగట్టు:
మరి ఇద్దరు సర్జన్లు రెండు విధాలుగా ఎందుకు చెప్పారండీ?

వైద్యమిత్ర:
వైద్యలోకంలోనే ఏకాభిప్రాయం లేదు. 2022లో సవరించిన యూరప్ మార్గదర్శకాల ప్రకారం 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే, ఆపరేషన్‌ను తట్టుకోగలిగినవారికి పిత్తాశయం తీయాలి. 6 నుంచి 9 మధ్య ఉంటే, 60 ఏళ్లు దాటిన వయసు, కాడ లేకుండా గోడకు అతుక్కున్న పాలిప్, పైత్యనాళాలు గట్టిపడే పీఎస్‌సీ జబ్బు, ఆసియా సంతతి, వీటిలో ఏదైనా ఉన్నవారికి ఆపరేషన్ సూచిస్తారు. అదే ఏడాది అమెరికా రేడియాలజిస్టులు ఇచ్చిన సూచనల్లో, సన్నని కాడతో ఉన్న పాలిప్ 9 మిల్లీమీటర్ల లోపు అయితే మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదన్నారు. మీ అమ్మగారి పాలిప్ సరిగ్గా ఈ రెండింటి మధ్య పడింది.

ఓషధి:
ఉత్తర కాలిఫోర్నియాలో పాలిప్‌లున్న దాదాపు 36 వేల మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో క్యాన్సర్ 19 మందిలోనే కనబడింది. పాలిప్ లేనివారిలోనూ ఇంచుమించు అదే నిష్పత్తి. మరి ఆపరేషన్‌కు అంత పట్టుదల ఎందుకు?

వైద్యమిత్ర:
అధ్యయనం గురించి మీరన్నది సరైనదే, అందుకే చిన్న పాలిప్‌లకు కత్తి పట్టడానికి నేనూ తొందరపడను. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లోనూ పైత్యనాళం దెబ్బతినే ప్రమాదం అరుదుగానైనా ఉంది. కానీ అదే అధ్యయనంలో పరిమాణం పెరిగేకొద్దీ క్యాన్సర్ రేటు పెరిగింది. పిత్తాశయ క్యాన్సర్ ప్రపంచంలోనే ఎక్కువగా కనబడే చోట్లలో మన గంగా మైదానం ఒకటి. దక్షిణాదిలో అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఆసియా సంతతి అన్న ఒక్క కారణంతోనే తెలుగువారందరికీ ఆపరేషన్ చేయడం నాకు సమ్మతం కాదు. గోదారిగట్టు గారూ, పాలిప్‌కు కాడ ఉందా, పక్కన గోడ 4 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉందా అన్నది రిపోర్టులో రాయించుకోండి. కాడ ఉండి, గోడ మామూలుగా ఉంటే ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు అదే సెంటర్లో పరగడుపున స్కాన్ చేయించండి. 10 మిల్లీమీటర్లకు చేరినా, రెండేళ్లలో 2 మిల్లీమీటర్లు పెరిగినా సర్జన్‌తో మళ్లీ మాట్లాడండి.

ఓషధి:
స్కాన్లు మానకూడదన్నదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అజీర్తికి ఆహార నియమాలు, తేలికైన మందు ఇస్తాను గాని, పాలిప్ కరుగుతుందని మాట ఇవ్వను.

గోదారిగట్టు:
చూర్ణం పక్కన పెడుతున్నాం. వంటలో పసుపు వాడవచ్చా?

వైద్యమిత్ర:
కూరలో వేసుకునే పసుపుతో ఇబ్బంది లేదు. మిరియాల సారం కలిపి అమ్మే పసుపు క్యాప్సూల్స్ మాత్రం వద్దు. వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలోనూ, ఇటలీలోనూ నమోదయ్యాయి. పసుపులోని కర్కుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి, స్కాన్ రోజు ఉదయం పసుపు కలిపిన పాలు కూడా తాగించకండి.