చీజ్ ఉర్లగడ్డ బేక్: పైన మాడింది, లోపల పచ్చి, పాలు విరిగినాయి. ఎక్కడ తప్పు చేశాను?

వేదాయపాళెం వంటిల్లు:

నెల్లూరు నుంచి రాస్తున్నా. మా అక్క పిల్లలిద్దరూ డాలస్ నుంచి సెలవలకొచ్చి ఇరవై రోజులైంది. అక్కకి లీవు దొరకలేదు, బావ దింపి వెళ్ళిపోయాడు. మొదట్లో చేపల పులుసు, కారం దోసె అని ఎగబడి తిన్నారు గానీ నాలుగు రోజుల నుంచి చిన్నోడు "పిన్నీ, చీజీ పొటాటో క్యాసరోల్ చెయ్యవా, అమ్మ ప్రతి సండే చేస్తుంది" అని నా కొంగు పట్టుకుని తిరుగుతున్నాడు. ఉర్లగడ్డలే కదా, ఏముంది అనుకుని అక్క వాట్సాప్‌లో పంపిన రెసిపీ చూసి మొన్న ఆదివారం దిగాను.

ఏం చేశానో దాచకుండా చెప్తా, తిట్టకండి. కిలో ఉర్లగడ్డలు తొక్క తీసి చిటికెన వేలంత మందాన చక్రాలు కోశా. రెసిపీలో క్రీమ్ సూప్ డబ్బా ఒకటి అని ఉంది. అది నాకు దొరకలేదు, దాని బదులు అర లీటరు గేదె పాలు పోశా. సోర్ క్రీమ్ అంటే పుల్లటి క్రీమే కదా అని ముందు రోజు పెరుగు ఒక గిన్నెడు కలిపా. పైన చీజ్ క్యూబులు తురిమి, కార్న్‌ఫ్లేక్స్ నలిపి చల్లా. 350 డిగ్రీల్లో గంట పెట్టమని ఉంది, మా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) చూస్తే 250తో ఆఖరు! సరే, మనకున్నదింతే అని ఫుల్లుకు తిప్పేశా.

నలభై నిమిషాలకే మాడు వాసన. తీసి చూస్తే పైన బొగ్గు, కింద పాలు విరిగి నీళ్ళు నీళ్ళుగా ఉన్నాయి, వాటి మీద నూనె తేలుతోంది, ఉర్లగడ్డ కొరికితే కరకరమంటోంది. అత్తయ్య తొంగిచూసి "ఏందమ్మా ఇది, ఉత్త పాలు విరిగితే కోవా అన్నా చేసుకోవచ్చు, దీన్నేం చేస్తాం" అంది. పిల్లలు పాపం ఒక్క మాట అనకుండా అంచుల్లో మాడని కార్న్‌ఫ్లేక్స్ ఏరుకుని తిన్నారు. అదే ఇంకా బాధనిపించింది.

వచ్చే సోమవారం వాళ్ళ ఫ్లైట్. శనివారం మళ్ళీ చెయ్యాలని పంతం. తప్పు ఓటీజీదా, పాలదా, ఉర్లగడ్డదా?

ఒంగోలు పెద్దక్క:

అమ్మాయ్, ఓటీజీని ఏమీ అనకు. ఆ 350 ఫారెన్‌హీట్. అమెరికా వాళ్ళ వంటలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. మన లెక్కలో అది 177 సెల్సియస్, అంటే నువ్వు 180 దగ్గర పెట్టాల్సింది 250లో పెట్టావు. మాడక ఏమవుతుంది మరి! నేను కూడా మొదటి కేకు ఇట్లాగే తగలేశా కాబట్టి నవ్వడం లేదు.

అసలు దెబ్బ కొట్టింది పెరుగు. నువ్వు పులుసు పెట్టేదానివే కదా, చింతపండు రసం మరుగుతున్నప్పుడు పచ్చి బంగాళాదుంప ముక్కలు వేస్తే ఏమవుతుంది? ఎంతసేపు కాగినా ముక్క బిర్రుగానే ఉంటుంది. పులుపు తగిలితే దుంప మెత్తబడదు, అందుకే ముందు ముక్క ఉడకనిచ్చి తర్వాత పులుసు పోస్తాం. ఇక్కడ కూడా అంతే. నీ పుల్ల పెరుగు దుంపని ఉడకనివ్వలేదు, ఆ వేడికి పాలనీ విరగ్గొట్టింది. టమాటా వేసినా ఇదే గొడవ. పైగా చిటికెన వేలంత మందం అంటే బజ్జీలకి కూడా ఎక్కువే తల్లీ, 3 మిల్లీమీటర్లు దాటకుండా కొయ్యి.

నేను చేసేది చెప్తా. ముప్పావు కిలో దుంపలు చక్రాలు కోసి ఉప్పు నీళ్ళలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించు, చాకు దిగాలి గానీ ముక్క విరిగిపోకూడదు. నీళ్ళు వంచేసి గుడ్డ మీద ఆరబెట్టు, ఆ తడి మిగిలితే సాస్ పలచబడిపోతుంది. ఇప్పుడు సాస్. 40 గ్రాముల వెన్న కరిగించి మూడు పెద్ద చెంచాల మైదా వేసి సన్నమంట మీద రెండు నిమిషాలు వేయించు, పచ్చి వాసన పోవాలి, రంగు మాత్రం మారకూడదు. అందులో అర లీటరు గోరువెచ్చని పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో తిప్పుతూ ఉండు. ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడతాయి, ఆ ఉండలు తర్వాత ఎంత తిప్పినా పోవు. గరిటెకి పట్టుకునేంత చిక్కబడ్డాక దించెయ్. ఈ మైదానే నీ క్రీమ్ సూప్ డబ్బా అనుకో. పాలు ఊరికే పోస్తే వేడికి విరిగే ప్రమాదం ఉంటుంది, మైదా పట్టిన పాలు అంత తేలిగ్గా విరగవు. గేదె పాలు మంచివే, మీగడ ఉంటుంది కాబట్టి సాస్ కమ్మగా వస్తుంది. కానీ పొద్దున కాచి వంటింట్లో వదిలేసిన పాలు సాయంత్రం వాడకు. మన ఎండలకి పైకి బాగానే కనిపిస్తాయి, వేడి తగలగానే తేడా చేస్తాయి.

పుల్లపుల్లగా కావాలంటే తియ్యటి గట్టి పెరుగు గుడ్డలో కట్టి నీరు కార్చి, సాస్ దించాక రెండు చెంచాలు కలుపు. అంతకుమించి వద్దు.

బేకింగ్ గిన్నెకి వెన్న రాసి ఒక వరస దుంపలు, మీద సాస్, మళ్ళీ దుంపలు. 180లో ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు. ఓటీజీని పది నిమిషాలు ముందే వేడెక్కించు. కార్న్‌ఫ్లేక్స్ మొదటే చల్లకు, ఆఖరి పది నిమిషాల్లో చల్లు.

నెల్లూరు తిండిపోతు:

ఇంత యాతన ఎందుకక్కా, ఎర్రగడ్డ, తెల్లగడ్డ కారం దట్టించి ఉర్లగడ్డ వేపుడు చేసి రసం అన్నంలోకి పెట్టండి, డాలస్ పిల్లలైనా దుబాయ్ పిల్లలైనా ప్లేటు నాకుతారు.

ఇంకో సంగతి. కార్న్‌ఫ్లేక్స్ చల్లి చేసే ఈ వంటని అమెరికాలో యూటా వైపు 'ఫ్యునరల్ పొటాటోస్' అంటారు. ఎవరైనా పోతే ఆ తర్వాత జరిగే భోజనానికి చుట్టుపక్కల వాళ్ళు వండి తీసుకెళ్తారంట. 2002లో సాల్ట్ లేక్ సిటీలో వింటర్ ఒలింపిక్స్ జరిగినప్పుడు దీని బొమ్మతో పిన్ను కూడా చేశారు. మీ అత్తయ్యకి మాత్రం ఈ పేరు చెప్పబాకండి.

కావలి బేకరీ అన్న:

పెద్దక్క చెప్పినవి అన్నీ కరెక్టే, చీజ్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. నూనె తేలింది అన్నారు కదా, అందులో సగం చీజ్‌దే. చీజ్‌ని అతి వేడిలో ఉంచితే లోపలి కొవ్వు విడిపోయి నూనెలా బయటికొస్తుంది, మిగిలింది రబ్బరు ముద్ద. అందుకే సాస్ పొయ్యి మీద ఉడుకుతుండగా చీజ్ వెయ్యకూడదు. దించి, ఒక్క నిమిషం ఆగి, తురుము పిడికెడు పిడికెడుగా వేసి కలపాలి.

ఏ చీజ్ అంటే, మన షాపుల్లో దొరికే క్యూబులు ప్రాసెస్డ్ చీజ్. దాంట్లో కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు ముందే కలుపుతారు. కాబట్టి సాస్‌లోకి అదే మేలు, నున్నగా కరుగుతుంది. సాగాలి, పైన బుడగలొచ్చి గోధుమ రంగు మచ్చలు పడాలి అంటే మోజరెల్లా కావాలి. ముప్పావు కిలో ఉర్లగడ్డకి 25 గ్రాముల క్యూబులు నాలుగు సాస్‌లోకి, 75 గ్రాముల మోజరెల్లా పైకి, అంతే. తురిమి ప్యాకెట్లో అమ్మే దానికి అంటుకోకుండా పిండి పట్టించి ఉంటారు, పైన చల్లడానికి పర్లేదు గానీ సాస్‌లోకి బ్లాకు కొని మీరే తురుముకోండి. క్యూబుల్లో ఉప్పు ఉంటుంది, వెన్న కూడా ఉప్పుదైతే మీరు సాస్‌లో ఉప్పు అసలు వెయ్యొద్దు. చివర్లో రుచి చూసి వేసుకోవచ్చు, వేసిన ఉప్పు తియ్యలేం.

ఉర్లగడ్డల్లో కొత్తవి వద్దు. గోరుతో గీకితే తొక్క ఊడొచ్చేవి కొత్తవి, వాటిలో నీరెక్కువ, సాస్ పట్టదు. తొక్క గట్టిపడిన పాతవి తెచ్చుకోండి. వాటిని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చల్లదనానికి లోపలి పిండి చక్కెరగా మారి ముక్క తియ్యగా ఉంటుంది, తొందరగా నల్లబడుతుంది కూడా.

ఒక్క మాట పెద్దక్కతో విభేదిస్తా. ముక్కల్ని నీళ్ళలో ఉడికించి పారబోస్తే రుచి కూడా నీళ్ళతో పోతుంది. ఫ్రాన్స్‌లో దోఫినే అనే ప్రాంతంలో ఇలాంటి వంటే ఉంది, వాళ్ళు పచ్చి ముక్కల్ని కడక్కుండా పాలు, క్రీమ్‌లోనే వేసి చేస్తారు. ముక్కల్లోంచి దిగిన పిండికే పాలు చిక్కబడతాయి, మైదా అక్కర్లేదు. పాత పద్ధతిలో చీజ్ కూడా ఉండదు. నాకైతే అదే ఇష్టం.

ఒంగోలు పెద్దక్క:

అన్నా, నువ్వు రోజూ ఓవెన్ ముందు నిలబడేవాడివి, నీకు కుదురుతుంది. ఒకసారి తగలేసుకున్న పిల్లకి శనివారం గ్యారంటీగా రావాలంటే ఉడికించి చెయ్యడమే నయం. రుచి పోతుందనుకుంటే ఆ నీళ్ళు సాంబార్లో పోసుకోమను.

కావలి బేకరీ అన్న:

హహ, ఒప్పుకున్నా.

కనిగిరి కుక్కరు:

మాకు ఓటీజీ లేదు, నేను పాత 7 లీటర్ల అల్యూమినియం కుక్కర్లో చేస్తా, బానే వస్తుంది. గ్యాస్కెట్టు, విజిల్ రెండూ తీసెయ్యాలి, ఇది మర్చిపోతే ప్రమాదం. అడుగున రెండు గ్లాసుల రాళ్ళుప్పు పరిచి (మన వైపు ఉప్పుకి కరువా), మీద స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు మీడియం మంట మీద వేడెక్కనివ్వాలి. చుక్క నీళ్ళు పొయ్యకూడదు. తర్వాత స్టీలు గిన్నెలో దుంపలు, సాస్ సర్ది పెట్టి సన్నమంట మీద నలభై నిమిషాలు. గాజు గిన్నె కుక్కర్లో పెట్టొద్దు.

పైన ఎర్రబడదు, అదొక్కటే లోటు. దానికి బ్రెడ్ పొడిని వెన్నలో పెనం మీద ఎర్రగా వేయించి వడ్డించే ముందు చల్లుతా. ఒకసారి బ్రెడ్ లేక జంతికలు నలిపి చల్లితే మా ఆయన అదే బాగుందన్నాడు, ఇప్పుడు అదే ఖాయమైపోయింది. ఆ ఉప్పు పారెయ్యకు, చల్లారాక డబ్బాలో పోసి మళ్ళీ దీనికే వాడుకో, కూరల్లోకి మాత్రం వద్దు.

ఓటీజీ ఉన్నవాళ్ళు ఆఖరి అయిదు నిమిషాలు పై రాడ్ ఒక్కటే వేసుకోండి, అప్పుడు ఎర్రగా వస్తుంది. అక్కడే నిలబడి చూస్తూ ఉండాలి, ఫోన్ మాట్లాడుతూ వదిలేస్తే అయిపోయినట్టే.

వేదాయపాళెం వంటిల్లు:

చేశా! శనివారం ఆగలేక నిన్ననే చేశా.

పెద్దక్క చెప్పినట్టు ఉడికించి, బేకరీ అన్న చెప్పినట్టు సాస్ దించాక చీజ్ వేశా. పాలు విరగలేదు, నూనె తేలలేదు. 180లో ముప్పై అయిదు నిమిషాలు, చివర్లో పై రాడ్. మూడు నిమిషాలకే ఎర్రబడింది, అయిదు ఆగలేదు. తీయగానే వడ్డించబోతే సాస్ జారిపోయింది, పది నిమిషాలు అట్లా వదిలేస్తే సర్దుకుని ముక్కలుగా వచ్చింది. గాజు గిన్నె తడి గట్టు మీద పెట్టబోతుంటే అత్తయ్యే ఆపి చెక్క పీట తెచ్చి పెట్టింది, లేకపోతే పగిలిపోయుండేది.

చిన్నోడు ఫోన్ తీసి వాళ్ళమ్మకి వీడియో చేసి చూపించాడు. పెద్దది "అమ్మ చేసినట్టు లేదు, ఇంకోలా ఉంది" అంటూనే మూడుసార్లు పెట్టించుకుంది. అత్తయ్య కొంచెం తిని "చప్పగా ఉందమ్మా" అని కారప్పొడి, నెయ్యి వేసుకుని మళ్ళీ పెట్టించుకుంది. పేరు చెప్పలేదు లెండి.

పావు గిన్నె మిగిలింది, ఫ్రిజ్‌లో ఉంది. ఎట్లా వేడి చెయ్యాలి? మైక్రోవేవ్ లేదు.

ఒంగోలు పెద్దక్క:

రెండు చెంచాల పాలు చిలకరించి, పైన ఫాయిల్ కప్పి 150లో పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టు. గాజు గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓటీజీలో పెట్టకు, బయట అరగంట ఉంచు, లేదా స్టీలు గిన్నెలోకి మార్చు. రేపటికి మించి దాచకు.