దేవదాసు నాటిక వేయాలి, కానీ స్టేజీ మీద సీసా వద్దన్నారు. ఎలా?

ప్రశ్న (తెలుగు లెక్చరర్):

అందరికీ నమస్కారం. మాది పల్నాడు వైపు ఒక డిగ్రీ కాలేజీ. వార్షికోత్సవానికి మా పిల్లలు ‘దేవదాసు’ కథని నాటికగా వేస్తామని పట్టుపట్టారు. మాకు 45 నిమిషాలు టైమ్ ఇస్తారు. నటించేవాళ్ళు 8 మంది. అబ్బాయిలకేమో 1953లో వచ్చిన ఏఎన్నార్ సినిమాలోని తాగుడు సీన్లూ పాటలూ కావాలి. అమ్మాయిలు మాత్రం “పిల్లని కొట్టి, భయపడి పారిపోయి, తర్వాత తాగి చచ్చిపోయినవాడి కోసం మేమెందుకు ఏడవాలి మేడమ్?” అని నిలదీస్తున్నారు. నా దగ్గర సరైన జవాబు లేదు. ప్రిన్సిపాల్ గారు స్టేజీ మీద మందు సీసా కనిపించడానికి వీల్లేదన్నారు. సీసా లేని దేవదాసు కుదురుతుందా? కథకీ పాటలకీ ఎవరి అనుమతైనా తీసుకోవాలా? నాటకాల్లో అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (నాటికలకు దర్శకత్వం చేసేవారు):

మేడమ్ గారూ, నిక్షేపంగా కుదురుతుంది. మీ అమ్మాయిలు అడిగిన ప్రశ్నని మాత్రం దాటవేయకండి. నాటిక దాని మీదే నిలబడాలి.

ముందు సినిమాని పక్కనపెట్టి పిల్లల చేత బెంగాలీ రచయిత శరత్ చంద్ర రాసిన మూల నవల చదివించండి. చిన్న పుస్తకమే. అచ్చయింది 1917లో అయినా, శరత్ దాన్ని రాసింది అంతకు చాలా ముందు, కుర్రతనంలో ఉన్నప్పుడు. ఈ సంగతి చెప్పి పుస్తకం చేతిలో పెడితే వాళ్ళు చదివే తీరే వేరుగా ఉంటుంది.

చదివేటప్పుడు అసలు ఆ పెళ్ళి ఎక్కడ చెడిందో గుర్తుపట్టమనండి. పార్వతి నాయనమ్మ దేవదాసు తల్లి దగ్గర నెమ్మదిగా మాట కదుపుతుంది. దేవదాసు వాళ్ళు, అంటే ముఖర్జీలు, జమీందార్లు. పార్వతి వాళ్ళ ఇంటిపేరు చక్రవర్తి, వాళ్ళు ముఖర్జీలకి సాటిరారు, పైగా ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే వంశం, అందులోనూ పక్కిల్లు. దేవదాసు తండ్రి నారాయణ ముఖర్జీ కుదరదంటాడు. ఆ మాట పార్వతి తండ్రికి తలకొట్టేసినట్టవుతుంది. నా కూతురికి సంబంధం నేను తేలేనా అని పంతం పట్టి, పెళ్ళాం పోయి, పెద్ద పిల్లలున్న 40 ఏళ్ళ జమీందారుని ఖాయం చేసుకొస్తాడు. ఇద్దరు తండ్రులకి పరువు దెబ్బతింది, మధ్యలో పిల్లలు నలిగారు. కన్యాశుల్కం చదివిన మన పిల్లలకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అమ్మాయిల ప్రశ్నకొస్తాను. పార్వతి ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. పెళ్ళి ఖాయమయ్యాక అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వస్తుంది. అతనికి మొదట పుట్టేది ప్రేమ కాదు, కంగారు. ఎవరైనా చూశారా, రేపు నలుగురిలో తల ఎలా ఎత్తుకుంటావు అంటాడు. ఆమెకి ఆ బెరుకు లేదు. ఈ ఒక్క సీన్‌కి 7, 8 నిమిషాలు ఇచ్చినా దండగ కాదు. అమ్మాయి నిలబడి ఉండాలి, అబ్బాయి కుదురుగా ఒకచోట ఉండలేక తలుపు వైపు చూస్తుండాలి. మాటలు తక్కువ పెట్టండి.

తర్వాత అతను తండ్రిని అడుగుతాడు, చీవాట్లు తింటాడు, కలకత్తా వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి ఉత్తరం రాస్తాడు. నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదు, అమ్మానాన్నల మనసు కష్టపెట్టలేను అని దాని సారాంశం. డబ్బాలో వేసిన క్షణం నుంచీ మనసు పీకుతుంది. తిరిగొచ్చి చెరువు గట్టు మీద పార్వతిని కలిస్తే ఆమె కాదంటుంది. నీకు అమ్మానాన్నలుంటే నాకు లేరా, వాళ్ళ ఇష్టంతో పనిలేదా అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పలేకే చేతిలోని గాలపు కర్రతో నుదుటి మీద కొడతాడు. ఆ దెబ్బని తీసేయకండి, అందంగానూ చూపించకండి. కొట్టాక ఒక నిమిషం స్టేజీ మీద ఎవరూ కదలకూడదు. నేపథ్య సంగీతం ఉండకూడదు. ఆ నిశ్శబ్దంలో ప్రేక్షకులు అతని పక్షాన ఉండరు, ఉండనక్కర్లేదు కూడా.

మీ అమ్మాయిలతో ఇలా చెప్పండి: అతని కోసం ఏడవమని ఎవరూ అడగడం లేదు. నోరు తెరవాల్సిన చోట తెరవని మనుషుల్ని చూపిస్తున్నాం, అంతే.

ప్రశ్న (తెలుగు లెక్చరర్):

చాలా థాంక్సండీ. క్లాసులో ఈ మాటే చెప్తాను. కానీ మా దేవదాసు వేషం అబ్బాయి తాగుడు లేకపోతే నాకు నటించడానికి ఏముంటుంది అంటున్నాడు. చంద్రముఖి (కథలో వేశ్య) వేషానికి ఒప్పుకున్న అమ్మాయి వాళ్ళింట్లో కూడా కాస్త టెన్షన్‌గా ఉన్నారు. “అలాంటి వేషమా” అన్నారట వాళ్ళమ్మగారు.

జవాబు (నాటికలకు దర్శకత్వం చేసేవారు):

ఆ అబ్బాయికి తండ్రి చనిపోయిన సీన్ ఇవ్వండి. నవలలో నాకు అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న ఘట్టం అదే. ఇంటినిండా జనం. అన్న ద్విజదాసు గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్నాడు, చుట్టూ చేరి అందరూ ఓదారుస్తున్నారు. దేవదాసు ఒక స్తంభానికి ఆనుకుని మౌనంగా కూర్చున్నాడు. కంట చుక్క లేదు. ఎవరో పెద్దమనిషి దగ్గరికొచ్చి పరామర్శ మొదలుపెడతాడు. దేవదాసు చేత్తో అన్నని చూపించి “అటు” అంటాడు. అంతే, ఒక్క మాట.

తండ్రి మాట దాటలేక పార్వతిని వదులుకున్నవాడికి ఆ తండ్రి శవం ముందు ఏడుపు ఎందుకు రాలేదు? అభిమానమా, కోపమా, తప్పు చేశానన్న బాధా? ఇదంతా వేలెత్తి చూపడంలో రావాలి. తూలుతూ నడవడం ఎవరైనా నేర్చుకుంటారు. ఇది చేయగలిగితే మీవాడు నటుడే. ఇద్దరన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకాలు కూడా తర్వాత వస్తాయి. రెండు డైలాగుల్లో తేల్చేయండి, అంతకంటే అక్కర్లేదు.

తాగుడుకి సీసా ఎందుకు? ఊరి నుంచి డబ్బు కోసం వచ్చే ఉత్తరాలు, అన్న లెక్కల పుస్తకం, నౌకరు ధర్మదాసు మొహంలో దిగులు, మూసిన తలుపు వెనక దగ్గు, ఇవి చాలు. గడ్డం, శాలువా, పక్కన కుక్క పెట్టారంటే తెర లేవగానే ఈలలు మొదలవుతాయి. ఆ తర్వాత ఎంత బాగా చేసినా ఎవరూ వినరు.

చంద్రముఖి విషయంలో వాళ్ళమ్మగారితో మీరే స్వయంగా మాట్లాడండి మేడమ్. ఈ కథలో జవాబు రాని ప్రేమ అంటూ ఉంటే అది చంద్రముఖిదే. దేవదాసూ పార్వతీ ఒకరినొకరు ప్రేమించుకున్నారు, దేవదాసే సమయానికి నోరు విప్పలేదు. చంద్రముఖి నోరు విప్పి చెప్పింది, ఎదురు ఏమీ అడగలేదు. మొదటి రోజు అతను ఆమెని అసహ్యించుకుని డబ్బు విసిరేసి వెళ్తాడు. ఆ మనిషి కోసమే ఆమె వృత్తి మానేసి, నగలూ సామానూ వదిలించుకుని పల్లెటూరికి వెళ్ళి బతుకుతుంది. జబ్బుతో పడి ఉంటే వెతికి తెచ్చి సేవ చేస్తుంది. డాన్సు పెట్టకండి. ఖాళీ అయిన గదిలో నేత చీర కట్టుకుని మామూలుగా కూర్చున్న చంద్రముఖితోనే ఆమె సీన్ మొదలుపెట్టండి. ఆ వేషంలో అమ్మాయిని చూస్తే ఏ తల్లికీ అభ్యంతరం ఉండదనే నా నమ్మకం.

జవాబు (పాత సినిమాల అభిమాని):

పై సార్ చెప్పినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. సినిమాలో ఆ మత్తు కళ్ళ కోసం ఏఎన్నార్ గారు రాత్రి షూటింగులకి ముందు కడుపునిండా పెరుగన్నం తినేవారని చెప్తారు. నిద్ర ముంచుకొస్తుంటే దాన్ని ఆపుకుంటున్న కళ్ళు అవి. మీ అబ్బాయికి తూలవద్దని, కళ్ళు తెరిచి ఉంచడానికి కష్టపడమని చెప్పండి, సరిపోతుంది.

తండ్రి వేషం గురించి కూడా దిగులుపడకండి. ఎస్వీ రంగారావు గారు పుట్టింది 1918లో, సినిమా విడుదలైంది 1953 జూన్‌లో. అంటే 35 కూడా నిండకుండానే ఏఎన్నార్‌కి తండ్రిగా వేశారు. ఇద్దరికీ మధ్య తేడా ఆరేడేళ్ళకి మించదు. గొంతు పెంచకుండా అధికారం చూపించడం ఎలాగో మీ కుర్రాణ్ణి ఆయన సీన్లు చూసి నేర్చుకోమనండి.

జవాబు (న్యాయవాది):

అనుమతుల సంగతి నేను చెప్తాను. శరత్ 1938లో పోయారు. మూలకథ మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, దాన్ని నాటికగా మలచుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. కానీ తెలుగు అనువాదానికి విడిగా హక్కు ఉంటుంది. అనువాదకుడు పోయిన తర్వాత 60 ఏళ్ళు అది నిలిచి ఉంటుంది. ఉదాహరణకి చక్రపాణి గారు 1975లో పోయారు, కాబట్టి ఆయన అనువాదంలోని వాక్యాలకి 2035 చివరిదాకా హక్కుంది. కథ తీసుకోండి, డైలాగులు మాత్రం మీ పిల్లల చేతే కొత్తగా రాయించండి.

సినిమా పాటల్లో సాహిత్యం సముద్రాల సీనియర్ గారిది. ఆయన 1968లో పోయారు, అంటే 2028 చివరిదాకా హక్కుంటుంది. కాలేజీ కార్యక్రమాలకి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ప్రదర్శించేవాళ్ళు విద్యార్థులూ సిబ్బందీ అయ్యి, చూసేవాళ్ళు కూడా వాళ్ళూ, వాళ్ళ తల్లిదండ్రులూ, సంరక్షకులే అయితే ఇబ్బంది లేదు. టికెట్లు అమ్మి ఊరందరినీ పిలిచినా, వీడియో యూట్యూబ్‌లో పెట్టినా దాని మీద ఆధారపడకండి. నాటికని తర్వాత పరిషత్తు పోటీలకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే పాటల్లేకుండా తయారుచేసుకోవడం మేలు.

ప్రశ్న (తెలుగు లెక్చరర్):

అందరికీ చాలా చాలా థాంక్స్. పాటలు తీసేస్తాం. ఇక చివరి సీన్ ఒక్కటే మిగిలింది. ఎడ్లబండి, చెట్టు, జమీందారు ఇల్లు... మా స్టేజీ మీద ఇవేవీ పట్టవు. పార్వతి పరుగెత్తుకొచ్చే సీన్ లేకపోతే పిల్లలు ఒప్పుకోరు.

జవాబు (నాటికలకు దర్శకత్వం చేసేవారు):

బండి అక్కర్లేదు, బండివాడు ఉంటే చాలు. నవలలో దేవదాసు ధర్మదాసు నిద్రపోతుండగా పాండువా స్టేషన్‌లో రైలు దిగి, బండి కట్టించుకుని పార్వతి అత్తవారి ఊరు హాతీపోతాకి బయల్దేరతాడు. ఒక లాంతరు, ఒక ములుకర్ర పట్టుకున్న మనిషిని కుడివైపు నిలబెట్టండి. ఎక్కించుకున్నది ఎవరినో అతనికి తెలియదు. ఇంకా ఎంత దూరం అని చీకట్లోంచి దగ్గుతూ ఒక గొంతు అడుగుతుంటుంది, అతను జవాబు చెప్తుంటాడు. రెండు మూడుసార్లు అడిగాక ఆ గొంతు ఆగిపోవాలి. దేవదాసుని కనిపించనివ్వకండి.

ఎడమవైపు పార్వతి ఇల్లు. ఇక్కడ పరుగు కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఇంటి ముందు చెట్టు కింద ఎవరో పోయారని మాటల్లో వస్తుంది. ఎవరని ఆమె మామూలుగా అడుగుతుంది. సవతి కొడుకు మహేంద్ర ఆ పేరు చెప్తాడు, మీ ఊరి మనిషేనట అని. కన్నబిడ్డలా చూసుకుంటున్న ఆ కొడుక్కి తను ఏం చెప్తున్నాడో తెలియదు. మహేంద్ర వేషానికి కాస్త సౌమ్యంగా ఉండే అబ్బాయిని పెట్టండి, కఠినంగా ఉండేవాణ్ణి వద్దు. పేరు విన్నాక పార్వతి ఒక్క అడుగు వేసేసరికి లైట్లు ఆర్పేయండి. అసలు పరుగు చీకట్లో, అడుగుల చప్పుడుగా వినిపించాలి. చెక్క స్టేజీ అయితే అమ్మాయిని చెప్పుల్లేకుండా నిజంగానే పరుగెత్తమనండి. సిమెంటు స్టేజీ అయితే వింగ్‌లో రెండు చెక్క బల్లలు పరిచి వాటి మీద పరుగెత్తించండి.

రిహార్సల్ మొదలుపెట్టాక అర్ధరాత్రి సీన్ డైలాగులు ఇక్కడ పెట్టండి మేడమ్, అందరం చూసి చెప్తాం.