సకినాల ప్యాకెట్‌లో ఆక్సిజన్ పీల్చే లేబుల్: అవసరమా, దండగా?

కరీంనగర్_పిండివంటలు:
సకినాలు, చెక్కలు ఆర్డర్ మీద చేసి పంపుతాను, ఎక్కువగా అమెరికాకే. పోయిన సంక్రాంతికి డాలస్ పంపిన పార్శిల్ 3 వారాలకు చేరింది, విప్పితే పాత నూనె వాసన. ఆవిడ మంచిది, ఫోటో పెట్టి ఊరుకుంది, నాకే రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు ప్యాకింగ్ సామాను అమ్మే ఆయన కవరు లోపలివైపు అంటించే ఆక్సిజన్ లేబుళ్ళు తీసుకోమంటున్నాడు. తీసుకోవాలా?

గోదారి_అత్తయ్య:
వద్దమ్మా. తాజా నూనె, బాగా వేగడం, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టడం, ఇంతే. మా ఇంట్లో నెల దాటినా బాగానే ఉండేవి. తినేదాని పక్కన ఆ లేబుల్‌లోని ఇనుప పొడి ఎందుకు? రెండుసార్లు కాగిన నూనెలో వేయించి లేబుల్ అంటిస్తే వాసన పోతుందా?

ఫుడ్‌టెక్_హైదరాబాద్:
నూనె విషయంలో మీ మాటే నిజం అత్తయ్యగారూ, పాడైన నూనెను ఏ లేబులూ బాగుచేయదు. కానీ మీ డబ్బా వంటింట్లో నీడన ఉంటుంది, ఈ ప్యాకెట్ ఎండలో, గోడౌన్లలో వారాల తరబడి తిరుగుతుంది. గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్, నూనెకు ఆ వాసన తెచ్చేది అదే. లేబుల్‌లోని ఇనుము తుప్పు పడుతూ దాన్ని లాగేసుకుంటుంది. మిగిలిన నైట్రోజన్ అలాగే ఉంటుంది కాబట్టి వ్యాక్యూమ్ చేసినట్టు కవరు బిగుసుకుపోయి సకినాలు విరగవు, నాకు ఇదే పెద్ద లాభంగా కనిపిస్తుంది. లెక్క మాత్రం చూసుకోండి అక్కా. ప్యాకెట్‌లో 500 మి.లీ. గాలి ఉంటే దాదాపు 105 మి.లీ. ఆక్సిజన్ ఉన్నట్టు, అంటే 100 సీసీ లేబుల్ (100 మి.లీ. ఆక్సిజన్ పీల్చేది) చాలదు, 200 పెట్టాలి. మామూలు పాలిథిన్ కవరైతే అసలు కొనకండి, బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, లేబుల్ కొన్నాళ్ళకే అయిపోతుంది. అల్యూమినియం పొర ఉన్న పౌచ్ కావాలి. సీల్ వేసేచోట ఒక్క నువ్వు గింజ ఇరుక్కున్నా అంతా వృథా.

చికాగో_నాన్న:
ఆక్సిజన్ పీల్చడానికి విడిగా వేసే చిన్న పొట్లం కన్నా లేబులే మేలు. మా అమ్మకు చూపు తక్కువ, మిక్చర్‌లో వచ్చిన పొట్లాన్ని మసాలా అనుకుని చించి చల్లేసింది. ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ మాకు తెలుసు. కవరుకు అతుక్కుని ఉంటే చేతికి రాదు కదా. రూపాయో రెండో ఎక్కువైనా నేను ఇస్తాను.

వరంగల్_చెక్కలు:
నా బాధ వాసన కాదు, మెత్తబడటం. అందుకే సిలికా జెల్, ఆక్సిజన్ లేబుల్ రెండూ వేస్తున్నా. వెల్లుల్లి ముద్దకు కూడా ఆక్సిజన్ లేబుల్ వేసి పంపుదామనుకుంటున్నా.

ఫుడ్‌టెక్_హైదరాబాద్:
ముద్దకు వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. తడి ఉండి పులుపు లేని పదార్థంలో ఆక్సిజన్ తీసేస్తే బూజు రాదు, కానీ గాలి లేనిచోటే పెరిగే బోటులినమ్ అనే బ్యాక్టీరియాకు దారి ఇచ్చినట్టే. దాని విషం ప్రాణం తీస్తుంది, వాసన, రుచి చూసి కనిపెట్టలేం. ఈ లేబుళ్ళు పొడిగా ఉండే వాటికే. ఇక రెండూ కలిపి వేయడం అంటారా, ఇనుము తుప్పు పట్టడానికి కాస్త తేమ కావాలి, సిలికా జెల్ ఆ తేమనే లాగేస్తే లేబుల్ నెమ్మదిస్తుంది. చెక్కలు బాగా వేగి, పౌచ్ మంచిదైతే మెత్తబడవు, ముందు అది సరిచూడు.

గోదారి_అత్తయ్య:
ముద్ద సంగతి నాకూ తెలియదు బాబూ, చెప్పి మంచిపని చేశావు. సకినాలకు మాత్రం నా మాట అదే, అయితే 3 వారాల ప్రయాణమంటే ఒకసారి చేసి చూడమను.

కరీంనగర్_పిండివంటలు:
సరే అత్తయ్యా. ఒకే వాయి సకినాలు 6 పౌచ్‌లలో పెట్టి, మూడింటికి లేబుల్ వేసి, మూడింటికి వేయకుండా రేకుల షెడ్డులో పెడుతున్నా. లేబుళ్ళ కట్ట విప్పగానే గాలిలో పని మొదలుపెట్టేస్తాయట, అందుకే పౌచ్‌లు ముందే నింపుకుని చివర్లో విప్పుతా. 30 రోజులకు తెరిచి వాసన ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.