అప్‌డేట్: అమ్మకు మామూలు మౌసే తీసుకున్నాం

అమ్మ కొత్త కంప్యూటర్‌కు మామూలు మౌస్ చాలా, పక్క బటన్లున్నది కొనాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

షాపులో రెండూ అమ్మ చేతికిచ్చి చూశాం. పక్క బటన్లున్న దాన్ని గట్టిగా పట్టుకోగానే బొటనవేలు 'బ్యాక్' బటన్ మీద పడి, చదువుతున్న పేజీ కాస్తా వెనక్కి పోయింది. అమ్మకు ఒకటే టెన్షన్. దాంతో రెండు బటన్లు, మధ్యలో చక్రం ఉన్నదే తీసుకున్నాం. చక్రం మాత్రం ఉండాల్సిందే.

1984లో మెకింటాష్ కంప్యూటర్ మౌస్‌కు ఆపిల్ ఒకే బటన్ పెట్టింది కొత్తవాళ్లు తికమకపడకూడదనే. 2005లో మైటీ మౌస్ తెచ్చినప్పుడూ కుడి క్లిక్‌ను ఆపే ఉంచింది, కావాలంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. నాకు ఆ పద్ధతే నచ్చింది. కంప్యూటర్‌తో వచ్చే మౌస్ అలాగే ఉండాలి.

తమ్ముడు ఎక్సెల్ పనికి పక్క బటన్లది వేరే కొనుక్కుంటానన్నాడు. యూఎస్‌బీ పోర్టు ఇంకోటి ఖాళీగానే ఉంది.