ఇత్తడి నాబ్‌లకు ఫారం టూల్ సాన పట్టుకోవాలా, సీఎన్‌సీకి ఇచ్చేయాలా?

బాలానగర్_టర్నర్:
మా షాపులో పాత హెచ్ఎంటీ లేత్ ఒక్కటే ఉంది. సొరుగులకు బిగించే ఇత్తడి నాబ్‌లు 120 ఆర్డరొచ్చింది. రాడ్ 22 ఎం.ఎం., తల గుండ్రం, కింద 10 ఎం.ఎం. మెడ, షేపు వెడల్పు మొత్తం 18. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ మీద నాబ్ షేపే సాన పట్టి, అంటే ఫారం టూల్ చేసి, క్రాస్ స్లైడుతో (టూల్‌ని అడ్డంగా ముక్కలోకి జరిపే భాగం) నేరుగా దించేద్దామని నా ఆలోచన. మా పార్టనరేమో సీఎన్‌సీకి (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్‌కి) ఇచ్చి తలనొప్పి వదిలించుకో అంటున్నాడు. ఏమంటారు?

సీఎన్‌సీ_సెట్టర్:
పార్టనర్ మాట వినన్నా. టూల్ తయారీకే ఒక పూట పోతుంది. రేపు ఆర్డరిచ్చిన పార్టీ వచ్చి మెడ 9 చెయ్యమంటే ఆ బిట్ స్క్రాపే. మాకైతే ప్రోగ్రాంలో అంకె మారిస్తే సరి. పైగా చేత్తో సాన పట్టిన రేడియస్ (గుండ్రటి వంపు) రెండు పక్కలా ఒకేలా వచ్చిందని ఎవరైనా చెప్తే నేను నమ్మను.

ట్రాబ్_మేస్త్రీ:
బాబూ సెట్టరూ, సీఎన్‌సీ రాకముందు ట్రాబ్ మెషిన్ల (ఆటోమేటిక్ లేత్‌ల) మీద ఇలాంటివన్నీ ఫారం టూళ్లతోనే తీసేవాళ్లం. టర్నర్ తమ్ముడూ, ఇత్తడికి టాప్ రేక్ (టూల్ పైముఖానికి ఇచ్చే వాలు) వద్దు, పైముఖం చదునుగా ఉంచు. ముందువైపు 8 డిగ్రీల క్లియరెన్స్ (అంచు కింద ముందుముఖం వెనక్కి వాలడం) చాలు. పలచటి రేకులో నాబ్ ఆకారం కత్తిరించి టూల్‌కి ఆనించి, ట్యూబ్‌లైట్ ముందు పట్టుకో. తేడా ఉన్నచోట వెలుగు సన్నగా గీతలా కనబడుతుంది. అది పోయేదాకా ఆయిల్ స్టోన్‌తో రుద్దు. ఓపిక ఉంటే రెండు పక్కలా ఎందుకు రాదు? మొద్దుబారితే పైముఖం ఒక్కటే సాన పట్టు, షేపు జోలికి పోవద్దు. తగ్గిన ఎత్తుకి అడుగున అరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క పెట్టి సెంటరుకి తెచ్చుకో.

టూల్‌రూమ్_డిప్లొమా:
మేస్త్రీగారు చెప్పని సంగతొకటి ఉంది. రేకు గేజ్‌ని పైముఖానికి ఆనించి చూస్తే ఇబ్బంది లేదు. కానీ ముందుముఖానికి లంబంగా కొలిచి షేపు తీస్తే లోతు 6 (22 నుంచి 10కి తగ్గేదాంట్లో సగం) పెట్టకూడదు, 5.94 పెట్టాలి. ఆ 8 డిగ్రీల వాలు వల్ల 6 పెడితే మెడ 10 బదులు 9.88 వస్తుంది. నాబ్‌కి ఎవరూ అడగరు. బేరింగ్ కూర్చునే జాబ్ అయితే మాత్రం చచ్చామే.

సీఎన్‌సీ_సెట్టర్:
ఇత్తడి కాబట్టి మీరంతా ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నారు. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) మీద 14 వెడల్పు, 5 ఎం.ఎం. మెడకి ఫారం టూల్ దించి చూశా ఒకసారి. లేత్ ఏనుగులా ఘీంకరించింది, ముక్క వంగి టూల్ మీదికెక్కింది. బిట్ రెండు ముక్కలు.

ట్రాబ్_మేస్త్రీ:
అది టూల్ తప్పు కాదు, ఆశ తప్పు. షేపు వెడల్పు సన్నటి డయాకి (వ్యాసానికి) రెండున్నర రెట్లు దాటితే నేనూ ముట్టను. స్టీల్ అయితే ముందు మామూలు టూల్‌తో మెట్లుమెట్లుగా రఫింగ్ తియ్యాలి. ఫారం టూల్‌కి చివరి అర ఎం.ఎం. మిగిల్చితే చాలు.

బాలానగర్_టర్నర్:
టూల్ నేనే సాన పట్టాను. పూట కాదు, ఒకటిన్నర రోజు పట్టింది. మొదటి ముక్క 700 ఆర్‌పీఎం దగ్గర దించితే మెడ మీద రేకుల షెడ్డులా అలలు. స్పీడు 300కి తగ్గించి, క్యారేజ్ (టూల్‌ని మోసే భాగం) లాక్ చేసి, క్రాస్ స్లైడ్ గిబ్ (వదులు సర్దే పట్టీ) బిగించాక అద్దంలా వచ్చింది. మధ్యలో ఒక్కసారే సాన, 120 పూర్తి. ఇప్పుడు పార్టీ ఫోన్ చేసి ఇంకో 30 కావాలి, తల 24 చెయ్యండి అంటున్నాడు. సెట్టరన్నా, నవ్వకు.

సీఎన్‌సీ_సెట్టర్:
నవ్వట్లేదు. 30 ముక్కలకి మా ఓనర్ సెట్టింగే వెయ్యనివ్వడు. ఇంకో బిట్ కొనుక్కో.